నీళ్ళకు హక్కుపత్రం తెచ్చుకున్న టగ్బన్వాలు

జల్, జంగల్, జమీన్. కొమరం భీం పేరు తలచుకున్న ప్రతిసారీ ఈ మూడు మాటలు మన నోట వస్తాయి. జోడేఘాట్‌లో వర్ధంతి జరిగినా, ఆగస్టు 9న ఊరేగింపు తీసినా, కాలేజీ హాస్టల్లో పిల్లలు సభ పెట్టుకున్నా ఈ నినాదం లేకుండా మన కార్యక్రమం ముగియదు. అయితే ఈ మూడింటిలో మనం దేని గురించి ఎక్కువ మాట్లాడుతున్నామో ఒకసారి ఆలోచిద్దాం. జమీన్ గురించి చాలా మాట్లాడాం. 1/70 చట్టం, పోడు పట్టాలు, గిరిజనేతరుల చేతుల్లోకి పోయిన భూములు, వాటి మీద నడిచిన కేసులు మనకు తెలుసు. జంగల్ గురించి కూడా మాట్లాడాం. మొదటి మాటైన జల్ గురించి మాత్రం తక్కువే మాట్లాడాం. మన వాగు, మన మడుగు, మన జలపాతం ఎవరివి? అక్కడికి వచ్చేవాళ్ళ దగ్గర టికెట్ డబ్బులు ఎవరు తీసుకోవాలి? ఏ మడుగులో ఎవరూ దిగకూడదో చెప్పే అధికారం ఎవరిది?

ఈ ప్రశ్నలు వేసుకుని, చాలా ఏళ్ళు పోరాడి, జవాబు కాగితం మీద రాయించుకున్న ఒక ఆదివాసీ జాతి ఫిలిప్పీన్స్ దేశంలో ఉంది. వాళ్ళు టగ్బన్వాలు. ఈ ప్రత్యేక సంచికలో మన యువత కోసం వాళ్ళ చరిత్ర చెప్పుకుందాం.

కాయాంగన్ సరస్సుకు దారి

ఫిలిప్పీన్స్ వేలకొద్దీ దీవులున్న దేశం. దాని పడమటి వైపు పలవాన్ రాష్ట్రం సన్నగా, పొడవుగా ఉంటుంది. ఆ రాష్ట్రపు ఉత్తర కొసన కలమియన్ దీవుల గుంపు ఉంది. అందులో పెద్దవి మూడు: బుసువాంగా, కులియన్, కోరోన్. ఇక్కడ ఒక చిన్న తికమక ఉంది. కోరోన్ అనే పట్టణం కోరోన్ దీవిలో లేదు, ఎదురుగా ఉన్న బుసువాంగా దీవిలో ఉంది. పట్టణంలో హోటళ్ళు, బజారు, పడవల రేవు ఉంటాయి. దీవిలో మాత్రం టగ్బన్వాల పల్లెలు, కొండలు, సరస్సులే ఉంటాయి.

పట్టణం రేవులో పడవ ఎక్కితే అరగంట లోపే దీవి ఒడ్డుకు చేరవచ్చు. పడవకు రెండు వైపులా వెదురు బొంగులు రెక్కల్లా కట్టి ఉంటాయి. ముందుకు పోతున్నకొద్దీ నల్లటి సున్నపురాయి కొండలు సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచి కనిపిస్తాయి. పడవ ఆగే చోట నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉంటాయి. ఒడ్డున టగ్బన్వాల కాపలా ఉంటుంది. రుసుము కట్టాక నిటారుగా ఉన్న మెట్లు ఎక్కాలి. కొండ భుజం మీద ఒక చిన్న గుహ, దాని పక్కన ఒక మలుపు ఉంటాయి. అక్కడి నుంచి వెనక్కి చూస్తే పడవలు ఆగిన అఖాతం కనిపిస్తుంది. ప్రపంచమంతా తిరుగుతున్న ఫొటో అక్కడ తీసిందే. చాలామంది ఆ ఫొటోలో ఉన్నదే సరస్సు అనుకుంటారు. అది సముద్రం. సరస్సు కొండకు అవతలి వైపు ఉంటుంది. మళ్ళీ మెట్లు దిగితే చుట్టూ కొండగోడల మధ్య కాయాంగన్ సరస్సు కనిపిస్తుంది.

ఆ నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే చాలా లోతున ఉన్న రాళ్ళు కూడా చేతికి అందేటట్టు కనిపిస్తాయి. దీనికి కారణం ఆ కొండలే. సున్నపురాయి మీద పడ్డ వాన పగుళ్ళలోంచి కిందికి ఇంకిపోతుంది. మట్టి కోసుకొచ్చి సరస్సులో కలిపే ఏరు ఏదీ అక్కడ లేదు. రాతి పగుళ్ళ గుండా సముద్రపు నీళ్ళు కూడా లోపలికి చేరుతాయి కాబట్టి సరస్సులో మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు కలిసి ఉంటాయి. పక్కనే ఉన్న బర్రకూడా సరస్సును టగ్బన్వాలు లులుయువన్ అంటారు. అందులో పైపొర చల్లగా ఉంటుంది, లోతుకు పోయేకొద్దీ నీళ్ళు వేడెక్కుతాయి. చల్లటి నీళ్ళు అలవాటైన ఈతగాళ్ళు అక్కడ ఒక్కసారిగా ఉలిక్కిపడతారు.

నీళ్ళు తేటగా ఉండడానికి ప్రకృతి ఒక కారణమైతే, మనుషులు రెండో కారణం. మన చరిత్ర అక్కడే మొదలవుతుంది.

అడగకుండా దిగని నీళ్ళు

టగ్బన్వాలకు దీవిలోని సరస్సులన్నీ ఒకటి కాదు. సరస్సును వాళ్ళు అవుయుక్ అంటారు. దేవతలు, ఆత్మలు ఉండే పవిత్రమైన చోటును పన్యాన్ అంటారు. పన్యాన్ నేల మీదా ఉంటుంది, సముద్రంలోనూ ఉంటుంది. కొన్ని పగడపు దిబ్బల దగ్గర చేపలు పట్టరు. ఆ చోట్లను పెద్ద ఆక్టోపస్ రూపంలో ఉన్న శక్తి కాపాడుతుందని నమ్ముతారు. అక్కడికి తెలియక పోయినవాళ్ళు జబ్బు పడతారంటారు. ఒక చోటికి పోవాల్సి వస్తే పెద్దలు ముందుగా అక్కడి శక్తులను వేడుకుంటారు. ఆ తర్వాతే పడవ కదులుతుంది.

ఈ మాటలు మనకు కొత్తవి కావు. పుష్య మాసంలో మెస్రం వంశస్థులు కాలినడకన హస్తినమడుగుకు పోయి, గోదావరి జలం తెచ్చి కేస్లాపూర్‌లో నాగోబాకు అభిషేకం చేస్తారు. ఆ నీళ్ళు దారిలో నేలకు తగలకుండా ఎంత నిష్ఠగా తెస్తారో మనం చూశాం. నల్లమల లోయలోని సలేశ్వరం జలపాతం దగ్గర చైత్ర పౌర్ణమికి జాతర జరుగుతుంది, అక్కడ పూజారులు చెంచులే. మనకు కూడా కొన్ని నీళ్ళు తాగడానికి, కొన్ని చేపలకు, కొన్ని దేవుడికి. ఈ విభజన రాసిపెట్టి లేదు గానీ ప్రతి తాతకూ, అవ్వకూ తెలుసు.

తిండి విషయంలో కూడా పోలిక ఉంది. టగ్బన్వాలకు చేపలతో పాటు కురోత్ అనే అడవి దుంప ముఖ్యమైన ఆహారం. అది విషపు దుంప. ముక్కలుగా కోసి, నీళ్ళలో బాగా నానబెట్టి, విషం పోయాకే తింటారు. తూర్పు కనుమల్లో మన అవ్వలు దుంపల చేదును ఏటి నీళ్ళలో దించి వండడం చూసినవాళ్ళకు ఇది వింటేనే తెలిసిపోతుంది. ఏ దుంప ఎప్పుడు తవ్వాలి, ఎన్నిసార్లు కడగాలి అన్నది పుస్తకంలో ఉండదు. అది ఒక జాతి తన చోటును ఎంతకాలంగా ఎరుగునో చెప్పే సాక్ష్యం.

పలవాన్ పెద్దదీవిలో ఉండే టగ్బన్వాలకు సొంత లిపి కూడా ఉంది. వెదురు మీద చెక్కి రాసే ఆ లిపి మూలం బ్రాహ్మీ కుటుంబంలో ఉంది. మన తెలుగు లిపికీ మూలం అదే. 1999లో యునెస్కో ఆ లిపిని మరికొన్ని ఫిలిప్పీన్స్ లిపులతో కలిపి ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. 2002లో అది యూనికోడ్‌లోకి వచ్చింది. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. సముద్రానికి అటూ ఇటూ రెండు జాతులు తమ అక్షరాలను ఒకే రకంగా నిలబెట్టుకున్నాయి.

తాతల దీవి సర్కారుది ఎలా అయింది

స్పెయిన్ వాళ్ళు 1565 నుంచి ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించుకుంటూ వచ్చారు. దేశంలోని భూమి అంతా తమ రాజుదేనని ప్రకటించారు. ఎవరికైనా భూమి కావాలంటే రాజు ఇచ్చిన కాగితం చూపించాలి. కాగితం లేనివాడు తన పొలంలోనే పరాయివాడు. 1898లో స్పెయిన్ ఓడిపోయి అమెరికా వచ్చింది. 1946లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. పాలకులు మారినా ఈ సూత్రం మారలేదు. రాజు పోయిన చోట సర్కారు వచ్చి కూర్చుంది. అటవీ చట్టాలతో మన తాతలను కూడా ఇదే పద్ధతిలో ఆక్రమణదారులుగా మార్చారు.

మధ్యలో ఒక వెలుగు కనిపించింది. మాటియో కారిన్యో అనే ఇబలోయ్ ఆదివాసీ తన వంశ భూమి కోసం కోర్టుకెక్కాడు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1909లో ఆయన గెలిచాడు. తరతరాలుగా, ఎవరికీ గుర్తులేనంత కాలం నుంచి ఒకరి అనుభవంలో ఉన్న భూమి ఎప్పుడూ సర్కారుది కానట్టే భావించాలని కోర్టు చెప్పింది. అయితే ఆ తీర్పు పుస్తకాల్లోనే ఉండిపోయింది. అది చట్టంగా మారడానికి 88 ఏళ్ళు పట్టింది.

ఈలోగా కోరోన్ దీవి మీద ఒకదాని తర్వాత ఒకటిగా సర్కారు ప్రకటనలు వచ్చాయి. 1967లో దాన్ని జాతీయ రిజర్వు అన్నారు. 1978లో పర్యాటక మండలం, సముద్ర రిజర్వు అన్నారు. 1981లో మడ అడవుల రిజర్వు జాబితాలో చేర్చారు. ఈ ప్రకటనల్లో దీవి ఉంది గానీ దీవిలో మనుషులు లేరు.

టగ్బన్వాలకు దెబ్బ మూడు వైపుల నుంచి తగిలింది. మొదటిది గుహలు. కోరోన్ కొండల్లోని గుహల్లో ఒక చిన్న పక్షి ఉమ్మితో గూడు కడుతుంది. దాన్ని అక్కడ బలిన్‌ససయావ్ అంటారు. ఆ గూళ్ళతో చైనా వాళ్ళు సూప్ చేసుకుంటారు, అందుకే వాటికి చాలా ధర. ఏ గుహ ఏ వంశానిదో టగ్బన్వాల్లో కట్టుబాటు ఉంది. తండ్రి నుంచి కొడుక్కి ఆ హక్కు వస్తుంది. నిటారు కొండ ఎక్కి, ప్రాణాలకు తెగించి గూళ్ళు తీస్తారు. అలాంటి గుహలను స్థానిక అధికారులు బయటివాళ్ళకు వేలం వేశారు. మన దగ్గర చింతపండుకూ తునికాకుకూ కాంట్రాక్టర్లు వచ్చిన రోజులను గుర్తు చేసుకుంటే ఆ బాధ మనకు అర్థమవుతుంది.

రెండోది సముద్రం. ఇతర దీవుల్లో చేపలు అయిపోయి అక్కడి నుంచి వలస జాలర్లు వచ్చారు. కొందరు డైనమైట్ పేల్చి చేపలు పట్టారు, కొందరు సైనైడ్ చల్లారు. డైనమైట్ ఒకసారి పేలితే చేపలతో పాటు పగడపు దిబ్బ కూడా పొడి అవుతుంది. అది మళ్ళీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. 1980ల నాటికి టగ్బన్వాల పిల్లలకు చేపలు దొరకడం కష్టమైంది. మూడోది పర్యాటకం. సరస్సుల అందం బయటికి తెలిసింది. అడగకుండా దిగని నీళ్ళలోకి ఎవరు పడితే వాళ్ళు దిగడం మొదలుపెట్టారు.

సంఘం పెట్టుకుని, పటం గీసుకుని

1985 ప్రాంతంలో టగ్బన్వాలు తమ పెద్ద రొడాల్ఫో అగిలార్ నాయకత్వంలో ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు కోరోన్ దీవి టగ్బన్వా ఫౌండేషన్. అప్పటికి దేశంలో ఆదివాసీ భూమి హక్కుకు ప్రత్యేక చట్టం లేదు. అందుబాటులో ఉన్నది సామాజిక అటవీ సంరక్షణ ఒప్పందం ఒక్కటే. అంటే భూమి సర్కారుదే, చూసుకునే బాధ్యత మాత్రం ప్రజలది. అది చాలదని వాళ్ళకు తెలుసు. అయినా దానికే దరఖాస్తు పెట్టారు. 1990లో కోరోన్ దీవికీ, పక్కనున్న డెలియన్ అనే చిన్న దీవికీ కలిపి 7,700 హెక్టార్లకు పైగా ఒప్పందం వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ చరిత్ర మనం చెప్పుకునేవాళ్ళం కాదు. ఆ కాగితంలో కొండలు ఉన్నాయి గానీ సముద్రం లేదు. టగ్బన్వాలకు నేల, నీళ్ళు విడివిడిగా ఉండవు. తాతల నుంచి వచ్చిన సముద్రాన్ని వాళ్ళు తెయెబ్ అంగ్ సురుబ్లియెన్ అంటారు, అంటే వారసత్వపు నీళ్ళు. చేపల దిబ్బలకు, నీటి దారులకు, పవిత్ర స్థలాలకు వాళ్ళ భాషలో పేర్లున్నాయి. సర్కారు పటంలో మాత్రం అక్కడ ఒట్టి నీలిరంగే ఉంది.

1993లో ఫిలిప్పీన్స్ పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఆదివాసీలు తమ పూర్వీకుల ప్రాంతం ఎంతవరకో ఆధారాలతో చూపిస్తే దానికి గుర్తింపు పత్రం ఇస్తామంది. టగ్బన్వాలు ఆ దారి పట్టారు. ఆదివాసీల పక్షాన పనిచేసే పాఫిడ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళకు పటాలు గీయడం నేర్పింది. పెద్దలు పడవల్లో కూర్చుని ఇది ఫలానా దిబ్బ, ఇక్కడ మా నాయన ఫలానా చేప పట్టేవాడు, ఇక్కడ మేము పట్టం అని చెప్తూ పోయారు. ఆ చోట్లను కొలిచి పటం మీద పెట్టారు. నోటి మాటగా ఉన్న హద్దులు కాగితం మీదికి వచ్చాయి.

మరోవైపు ఒత్తిడి కూడా ఉంది. 1992లో రక్షిత ప్రాంతాల చట్టం వచ్చింది. దాని కింద కోరోన్ దీవిని రక్షిత ప్రాంతంగా చేయాలన్న ప్రతిపాదన నడిచింది. అలా అయితే నిర్ణయాలు ఒక బోర్డు చేతికి పోతాయి, ఆ బోర్డులో టగ్బన్వాలు కొద్దిమందే ఉంటారు. ఇన్నాళ్ళూ కాపాడింది మేమైతే, కాపాడే పేరుతో మా మీద ఇంకొకరెందుకని వాళ్ళు ఒప్పుకోలేదు. మన దగ్గర పులుల అభయారణ్యాల పేరు చెప్పినప్పుడు చెంచు పెంటల్లో వచ్చే ప్రశ్న కూడా ఇదే.

1997, 1998: రెండు తీరాల్లో రెండు విజయాలు

1997 అక్టోబర్ 29న ఫిలిప్పీన్స్‌లో ఆదివాసీ ప్రజల హక్కుల చట్టం వచ్చింది. పూర్వీకుల ప్రాంతం అంటే భూమి ఒక్కటే కాదని, లోపలి నీళ్ళు, తీర ప్రాంతాలు కూడా అందులోవేనని ఆ చట్టం రాసుకుంది. 1909 నాటి కారిన్యో తీర్పు చెప్పిన మాట చివరికి చట్టమైంది.

1998లో టగ్బన్వాల చేతికి గుర్తింపు పత్రం వచ్చింది. అందులో ఉన్న విస్తీర్ణం 22 వేల హెక్టార్లకు పైగా, అంటే సుమారు 55 వేల ఎకరాలు. అందులో ఎక్కువ భాగం సముద్రమే. సముద్రాన్ని పూర్వీకుల ప్రాంతంగా గుర్తించడం ఆ దేశంలో అదే మొదటిసారి. కొత్త చట్టం ప్రకారం పూర్తి హక్కుపత్రం 2000ల మొదటి ఏళ్ళలో వచ్చింది.

దానికి ముందు ఆ చట్టమే పోయేంత పని అయింది. అది రాజ్యాంగానికి విరుద్ధమంటూ ఒక మాజీ న్యాయమూర్తి సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 2000 డిసెంబర్‌లో ఓటు వేస్తే ఏడుగురు న్యాయమూర్తులు చట్టం ఉండాలన్నారు, ఏడుగురు వద్దన్నారు. మళ్ళీ ఓటు వేసినా సరిసమానమే. మెజారిటీ రాలేదు కాబట్టి పిటిషన్ కొట్టేశారు. ఒక్క ఓటు అటు పడి ఉంటే ఎన్నో జాతుల హక్కు పోయేది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. అదే 1997 జూలై 11న మన సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. కేసు అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల గురించి. షెడ్యూల్డ్ ప్రాంతంలోని సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని కోర్టు చెప్పింది. అంతకు ఏడు నెలల ముందు, 1996 డిసెంబర్ 24న, పెసా చట్టం వచ్చింది. కోరోన్ కూడా సున్నపురాయి, బొర్రా కూడా సున్నపురాయి. రెండు చోట్లా రాయిని కాపాడింది దాన్ని మొక్కే మనుషులే.

టికెట్ ఎవరిది, తాళం ఎవరిది

హక్కుపత్రం వచ్చాక టగ్బన్వాలు చేసిన పని మన యువత ప్రత్యేకంగా తెలుసుకోవాలి. వాళ్ళు పర్యాటకులను పూర్తిగా వద్దనలేదు, అన్నీ తెరవనూ లేదు. పెద్దలు కూర్చుని నిర్ణయించారు. కాయాంగన్, బర్రకూడా సరస్సులను, కొన్ని ఇసుక తీరాలను తెరిచారు. దీవిలోని అతి పెద్దదైన కాబుగావ్ సరస్సుతో సహా మిగిలిన పవిత్ర సరస్సులను మూసే ఉంచారు. ఎంత డబ్బు ఇస్తామన్నా అక్కడికి తీసుకుపోరు.

తెరిచిన చోట్ల ప్రవేశ రుసుము టగ్బన్వాల సంఘానికి చెందుతుంది. కాపలా వాళ్ళదే. లైఫ్ జాకెట్ లేకుండా దిగనివ్వరు. సాయంత్రానికి అందరూ వెళ్ళిపోవాలి. బనువాంగ్ దాన్, కాబుగావ్ పల్లెల అవసరాలకు ఆ ఆదాయం ఉపయోగపడింది. చేపలు తక్కువ దొరికే రోజుల్లో ఇల్లు గడవడానికి ఒక ఆధారం దొరికింది.

ఇలా జరగని దీవి కూడా అదే దేశంలో ఉంది. బోరకాయ్ దీవి తెల్లటి ఇసుకకు ప్రసిద్ధి. అక్కడి మొదటి నివాసులు అటి అనే ఆదివాసీలు. హోటళ్ళు పెరుగుతుంటే వాళ్ళు పక్కకు జరుగుతూ పోయారు. 2011లో వాళ్ళకు దక్కిన హక్కుపత్రం 2.1 హెక్టార్లకు, అంటే ఐదెకరాలకు కాస్త ఎక్కువ. దానికి కూడా అడ్డు చెప్పినవాళ్ళున్నారు. వాళ్ళ తరఫున మాట్లాడిన యువ నాయకుడు డెక్స్టర్ కొండెజ్‌ను 2013 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. ఆయనది మన పాఠకుల వయసే. 2018 ఏప్రిల్‌లో సముద్రం మురికిపట్టిపోయిందని ప్రభుత్వమే బోరకాయ్ దీవిని ఆరు నెలలు మూసేసింది. ఒక దీవిలో ఆదివాసీల చేతిలో తాళం ఉంది, నీళ్ళు తేటగా ఉన్నాయి. ఇంకో దీవిలో తాళం లాగేసుకున్నారు, నీళ్ళు పాడయ్యాయి.

అంతా బాగుందని చెప్పి యువతను మభ్యపెట్టడం మాత్రం సరికాదు. డబ్బు వచ్చాక టగ్బన్వాల్లో కూడా తగాదాలు వచ్చాయి. వచ్చిన రుసుము ఎలా పంచాలి, లెక్క ఎవరు చూపాలి అన్నది పెద్ద విషయమైంది. పడవల వ్యాపారం, హోటళ్ళు ఎక్కువగా పట్టణంలోని బయటివాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. టికెట్ డబ్బు దీవికి వస్తే, మిగతా ఖర్చంతా పట్టణంలో మిగిలిపోతుంది. స్థానిక ప్రభుత్వంతో నీళ్ళ మీద అధికారం గురించి పేచీ ఉంది, ఎందుకంటే తీరం నుంచి 15 కిలోమీటర్ల వరకు సముద్రం మున్సిపాలిటీదని అక్కడి చట్టం చెప్తుంది. 2013 నవంబర్ 8న వచ్చిన హైయాన్ తుఫాను ఈ దీవుల మీదుగానే పోయి ఇళ్ళను, పడవలను ధ్వంసం చేసింది. 2020లో కరోనా వచ్చి పర్యాటకులు ఆగిపోయినప్పుడు, టికెట్ మీదే బతకడం ఎంత ప్రమాదమో తెలిసింది. మళ్ళీ వలలు, దుంపలే ఆదుకోవాలి. అందుకే పాత విద్యలు మరిచిపోకూడదని పెద్దలు అంటారు.

2017 జనవరిలో కోరోన్ ప్రాంతంలో సముద్రం అడుగున ఒక పెద్ద వినోద పార్కు కడతామని విదేశీ సంస్థ ఒకటి ప్రకటించింది. దేశమంతటా వ్యతిరేకత వచ్చింది. ఆగస్టు నాటికి ఆ సంస్థ వెనక్కి తగ్గింది. హక్కుపత్రం వచ్చినంత మాత్రాన కాపలా పని అయిపోదని దీన్ని బట్టి తెలుస్తుంది.

మన వాగులు, మన మడుగులు

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. చలికాలం వస్తే అరకు, లంబసింగి, వంజంగి కొండలకు కార్లు బారులు తీరుతున్నాయి. వానాకాలంలో బొగత, కుంటాల జలపాతాల దగ్గర నిలబడడానికి చోటుండదు. వచ్చినవాళ్ళు వెళ్ళాక మిగిలేది ప్లాస్టిక్ సీసాలు, సారా సీసాలు. వాటిని ఏరేది మన పిల్లలే. టికెట్ డబ్బులు, హోటల్ లాభాలు ఎక్కడికి పోతున్నాయో ప్రతి ఊరూ లెక్క వేసుకోవాలి. బినామీ పేర్ల మీద లేచే రిసార్టుల సంగతి మనకు తెలియనిది కాదు.

మన చేతిలో చట్టాలు లేవా? ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని పెసా చట్టం 4వ సెక్షన్ చెప్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం 3వ సెక్షన్ నీటి వనరుల్లోని చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు ఇస్తుంది. 5వ సెక్షన్ నీటి వనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు అప్పగిస్తుంది. మనలో చాలామంది వ్యక్తిగత పోడు పట్టా కోసం ఫారం ఏ పెట్టారు. సామూహిక హక్కుల కోసం ఫారం బి, సామూహిక అటవీ వనరు కోసం ఫారం సి ఉన్నాయని తెలిసినవాళ్ళు తక్కువ. ఆ క్లెయిముకు సాక్ష్యంగా పెద్దల వాంగ్మూలం రాసి పెట్టవచ్చని, పవిత్ర స్థలాల వివరాలు కూడా సాక్ష్యమేనని నిబంధనల్లోనే ఉంది. టగ్బన్వాల పెద్దలు పడవలో కూర్చుని చెప్పింది అలాంటి సాక్ష్యమే.

2013లో ఒడిశాలోని నియమగిరి మీద డోంగ్రియా కోంధులు దీన్నే చేసి చూపించారు. సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ ఒకే మాట చెప్పాయి, కొండ మా దేవుడు, ఇవ్వం అని. కొండ తవ్వకం ఆగింది.

కాబట్టి ఈ ఆగస్టు 9న మన యువతను ఒక పని అడుగుతున్నాం. ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీ ప్రజల గురించిన కార్యబృందం మొదటిసారి సమావేశమైంది 1982లో ఇదే రోజున. దాని గుర్తుగానే 1994లో ఈ రోజును అంతర్జాతీయ ఆదివాసీ దినంగా ప్రకటించారు. జెండా కడదాం, డోలు కొడదాం, గుస్సాడీ ఆడదాం, ధింసా ఆడదాం. ఆ మర్నాడు మాత్రం ఇంట్లో ఉన్న తాతనో అవ్వనో వెంటబెట్టుకుని ఊరి వాగు వెంట నడవండి. ప్రతి మడుగు దగ్గర ఆగి పేరు అడగండి. ఏ మడుగులో చేపలు పట్టవచ్చు, ఏ మడుగులో ఎందుకు దిగకూడదు, ఏ ఊటను ఏ వంశం చూసుకునేది, ఏ చెట్టు కింద ఏ దేవత ఉంది, అన్నీ రాసుకోండి. ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టండి, పెద్దల మాట రికార్డు చేయండి. మన మాటల్లోనే, మన పేర్లతోనే రాయండి. ఒక పెద్ద కాగితం మీద ఊరి నీళ్ళ పటం గీసి గ్రామసభలో పెట్టండి.

ఆ తర్వాత ఏది తెరవాలి, ఏది మూసి ఉంచాలి అన్నది ఊరంతా కూర్చుని తేల్చుకోవచ్చు. తెరిస్తే టికెట్ ఎవరిది, లెక్క ఎవరు చూపాలి అన్నది కూడా ముందే రాసుకోవాలి. టగ్బన్వాల తగాదాల నుంచి మనం నేర్చుకోవాల్సింది అదే.

తాతలు పోయాక మడుగుల పేర్లు ఎవరూ చెప్పలేరు. పేరు తెలియని మడుగు మనదని ఏ కోర్టులో నిరూపించగలం? పెద్దలు మన మధ్య ఉన్నప్పుడే ఈ పని జరగాలి.

జల్, జంగల్, జమీన్. ఈసారి మొదటి మాట నుంచి మొదలుపెడదాం.

జై ఆదివాసీ! జోహార్!